మెడ వెనక దాచిన ఎరుపు

సోమవారం పొద్దున కేర్ హోమ్‌కు వెళ్లే బస్సులో మెడ వెనక దురద మొదలైంది. ఉన్ని స్కార్ఫ్ గుచ్చుకుంటోందేమో అనుకుని తీసేశాను. సాయంత్రానికి వేళ్ల సందుల్లోకీ వచ్చింది. మంగళవారం నిద్ర లేచేసరికి కళ్లు తెరుచుకోలేదు. రెప్పలు బూరెల్లా పొంగాయి. రూమ్మేట్ సింధు చేతిలో టీ కప్పు కింద పెట్టేసి, "అమ్మో, ఇదేందే!" అంది.

ఇదేమిటో నాకు అప్పటికే లోలోపల తెలుసు. ఒప్పుకోవడానికే భయం వేసింది.

ముందురోజు ఆదివారం హెయిర్ డై కిట్ తెచ్చుకుని ఇంట్లోనే జుట్టు చివర్లకు ఎరుపు వేసుకున్నాను. మాది వరంగల్. కెనడాలోని ఒషావాలో పర్సనల్ సపోర్ట్ వర్కర్ కోర్సులో చేరాను. ఆ ఏడు అద్దెకిచ్చిన ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మనవాళ్లే తీసేవారు, మా దాంట్లోనే ఐదుగురం. క్లాసులు అయిపోయి చివరి ప్లేస్‌మెంట్‌లో, అంటే కేర్ హోమ్‌లో శిక్షణ గంటలు పూర్తి చేసే దశలో ఉన్నాను. పెద్దవాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, తల దువ్వడం నా పని. ఆ పని నాకు ఇష్టం. మాటవరసకు చెప్పడం కాదు, నిజంగానే ఇష్టం.

తలంతా రంగు వేస్తే ఇంట్లో గొడవ, చివర్లకైతే ముడిలో దాచేయొచ్చని నా తెలివి. ముందుగా చర్మం మీద కొంచెం రాసి నలభై ఎనిమిది గంటలు చూడమని కిట్‌లో కాగితం ఉంది. "చివర్లకే కదనే, తోలుకెక్కడ తగుల్తది?" అంది సింధు. నాకూ అదే సబబనిపించింది.

బ్లీచ్ పెట్టి కడిగాం. గిన్నెలో ఎరుపు కలిపి చివర్లు ముంచాం. ఐదు నిమిషాలు కూడా కాలేదు, నాన్న వీడియో కాల్. ఆదివారం ఫోన్ ఎత్తకపోతే ఆయన ఊరంతా కంగారు పెట్టేస్తారు. గ్లవ్స్ పీకేసి, తడిజుట్టును వట్టి చేతులతో చుట్టి మెడ మీద క్లిప్ పెట్టి, పైన తువ్వాలు కప్పాను.

"ఏం బిడ్డా, నెత్తికి తువ్వాలేంది?"

"తలస్నానం చేసిన డాడీ."

"మంచిగ తుడ్సుకో. సర్ది పడ్తది."

నాన్న లెక్కల సారు. ఆ వారం బడిలో జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పారు. నలభై నిమిషాలు. రంగు మెడ మీదికి చల్లగా కారుతుంటే నేను నవ్వుతూ ఊ కొట్టాను.

వాక్-ఇన్ క్లినిక్ డాక్టర్ చూడగానే "ఎలర్జిక్ కాంటాక్ట్ డెర్మటైటిస్" అన్నారు, అంటే చర్మానికి ఏదో తగిలి వచ్చిన ఎలర్జీ. స్టెరాయిడ్ క్రీమ్, ప్రెడ్నిసోన్ మాత్రలు రాశారు. "తగ్గినట్టు అనిపించినా మధ్యలో ఆపొద్దు" అని రెండుసార్లు చెప్పారు. నాలుగో రోజుకు కళ్లు మామూలయ్యాయి. ఆపేశాను. ప్లేస్‌మెంట్ గంటలు పోతున్నాయన్న తొందర నాది.

వారం తిరక్కుండానే వేళ్లు పగిలి నీరు కారాయి. కేర్ హోమ్‌లో ప్రతి మనిషి దగ్గరికి వెళ్లే ముందూ వచ్చాకా చేతులు కడగాలి, గ్లవ్స్ తొడగాలి. లోపల చెమట, మంట. ఒకరోజు నేను తల దువ్వుతుంటే ఒక పెద్దావిడ నా వేళ్లు చూసి, మెల్లగా తల పక్కకు తీసుకుంది. ఆమెను ఏమనను? నాకే నా చేతులంటే అసహ్యంగా ఉండేది.

సూపర్‌వైజర్ మర్యాదగానే చెప్పింది. "పగుళ్లు పూర్తిగా మానేదాకా రెసిడెంట్స్‌ను ముట్టుకోకూడదు. నీకూ ప్రమాదం, వాళ్లకూ ప్రమాదం." గంటలు పూర్తి కాలేదు. తర్వాతి విడతలో సీట్ల కోసం అప్పటికే పెద్ద వరుస ఉంది. పొద్దున లేవాలనిపించేది కాదు. లేచి ఏం చేయాలో కూడా తెలిసేది కాదు.

డెర్మటాలజిస్ట్ అపాయింట్‌మెంట్ మూడు నెలలకు దొరికింది. ఏది పడదో తేల్చడానికి వీపు మీద వరసగా పట్టీలు అంటించి ప్యాచ్ టెస్ట్ చేశారు. చివరి రీడింగ్ రోజున "పీపీడీ, స్ట్రాంగ్ పాజిటివ్" అన్నారు డాక్టర్. "హెయిర్ డైలో ఉండే కెమికల్. ఈ ఎలర్జీ జీవితాంతం ఉంటుంది. ఇంతకుముందు ఎప్పుడైనా డై తగిలిందా?"

లేదన్నాను. తిరిగి వస్తుంటే బస్సులో గుర్తొచ్చింది.

నాన్నకు నలభై దాటినా మీసం మాత్రం ముప్పైలోనే ఉండేది. నెలకో ఆదివారం స్టూలు మీద కూర్చుని, పొట్లంలోని నల్ల పొడి కలిపి నా చేతికిచ్చేవారు. పాత టూత్‌బ్రష్‌తో తలకు, మీసానికి నేనే వేసేదాన్ని. ఆరో తరగతి నుంచీ అది నా ఉద్యోగం. "నా బిడ్డ చేతిల ఉన్నది అసలు రంగు" అని మురిసిపోయేవారు. ఆ తర్వాత రెండు రోజులు నా వేళ్లు దురదపెట్టేవి. సబ్బు పడలేదేమోనని అమ్మ కొబ్బరినూనె రాసేది.

తర్వాతిసారి ఇదంతా చెబితే డాక్టర్, "అక్కడే మొదలై ఉండొచ్చు, ఖచ్చితంగా చెప్పలేం" అన్నారు. నీళ్లలో నానే ఈ పనిని నా చేతులు ఓర్చుకోలేవనీ చెప్పారు. కోర్సు మానేశాను. నాన్నకు సగమే చెప్పాను. ఎర్ర రంగు వేసుకున్నాను, పడలేదు, అన్నాను.

"రంగేస్కుంటనంటే నేనేమన్న అంటనా బిడ్డా?" అన్నారు.

ఆ రోజు తువ్వాలు ఎందుకు కప్పానో ఆ మాట విన్నాక నాకే అర్థం కాలేదు.

ఇప్పుడు ఆఫీస్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నాను. ఎర్రటి చివర్లు సింధు కత్తిరించేసింది. మెడ వెనక దురద తగ్గినా నల్లమచ్చ మిగిలిపోయింది. చలి మొదలైతే వేళ్లు పగులుతాయి, ఆయింట్‌మెంట్ రాసి నూలు గ్లవ్స్‌తో టైప్ చేస్తాను. కేర్ హోమ్ ముందు నుంచి వెళ్లే బస్సు ఎక్కడం మానేశాను.

పోయిన ఆదివారం నాన్న ఫోన్ చేశారు. మీసం తెల్లగా ఉంది. తల కూడా. నేనేమీ అడగలేదు, ఆయనే అన్నారు.

"గప్పుడు నాకు రంగేస్తే నీ వేళ్లకు దద్దులు లేస్తుండె బిడ్డా. నాకు యాదికున్నది. నేనే పట్టించుకోలే."

"దానివల్ల కాదు డాడీ" అన్నాను. నా మాట ఆయన నమ్మలేదు. కాల్ అయ్యేదాకా ఇద్దరం వాతావరణం గురించే మాట్లాడుకున్నాం.

చదువుతున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో పిల్లల చేత తలకు రంగు వేయించుకోకండి. ఇప్పటికే వేయించుకుని ఉంటే, వేళ్లు దురదగా ఉన్నాయని ఆ పిల్ల ఎప్పుడైనా అందేమో గుర్తు చేసుకోండి. సబ్బు పడలేదని వదిలేయకుండా డాక్టర్‌కు చూపించండి.