పదో రోజు రెండు నిమిషాలు

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెడితే మా ఇంట్లో నవ్వుతారు. నాకిప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ మాట అనాలంటే తలలో ఒక్క వెంట్రుకైనా నెరిసి ఉండాలని మా నాన్న అభిప్రాయం. కానీ వేంపల్లెలో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతున్నాను, నలభై మంది రోజూ నన్ను సార్ అంటున్నారు, కాబట్టి పెద్దవాణ్ణయినట్టే.

అప్పుడు మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. నేను ఐదో తరగతి. మా క్లాసు టీచరు మా అమ్మే. దానివల్ల లాభమేమిటని చాలామంది అడిగేవారు. నేను కూడా అదే వెతుకుతుండేవాణ్ణి. బడి గేటు దాటాక ఆమెను అమ్మా అనకూడదు, టీచర్ అనాలి. సొంత కొడుకును వెనకేసుకొస్తోందని ఎవరూ అనకుండా, అందరికీ ఒక దెబ్బ పడేచోట నాకు రెండు వేసేది. ఇంటికొచ్చాక అన్నం ముద్ద నోట్లో ఉండగానే ఎక్కాలు అడిగేది.

ఆ ఏడు పిల్లల నడవడిక, బడి వాతావరణం అనే విషయం మీద టీచర్లకు ప్రొద్దుటూరులో మూడు రోజుల ట్రైనింగ్ పెట్టారు. అమ్మ పొద్దున్నే బస్సెక్కి పోయి సాయంత్రానికి తిరిగొచ్చేది. మూడో రోజు, ఏం నేర్పించారని మా నాన్న అడిగాడు. పిల్లలతో మాట్లాడమన్నారని చెప్పింది.

"మాట్లాడేదానికి మూడు దినాలా?" అన్నాడాయన.

అమ్మ ఓపిగ్గా వివరించింది. క్లాసులో మనం ఎవరితో వేగలేకపోతున్నామో ఆ ఒక్క పిల్లవాణ్ణి ఎంచుకోవాలి. పది రోజులు, రోజుకు రెండు నిమిషాలు, వాడికి ఇష్టమైన సంగతులే మాట్లాడాలి. చదువు ఊసు ఎత్తకూడదు, బుద్ధులు చెప్పకూడదు. వాడి గురించి తెలిసినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. మధ్యలో ఒకరోజు పులివెందుల నుంచి ఒక మేడం వచ్చి అది చూస్తుంది.

పక్కన హోంవర్కు చేసుకుంటున్న నేను, నన్నే ఎంచుకుంటుందని నిశ్చయించుకున్నాను. నాతో వేగలేకపోతున్నానని వారానికి నాలుగుసార్లు అనేది మరి.

ఎంచుకున్నది వెనకబెంచీ పిల్లవాణ్ణి. వాళ్ళమ్మ కువైట్‌లో ఎవరింట్లోనో పనికి పోయి రెండేళ్లయింది. వాడు నాన్నమ్మ దగ్గర ఉండేవాడు. కొరికేవాడు, గోడ దూకేవాడు, అడిగినదానికి జవాబు చెప్పేవాడు కాదు. రోజూ పదకొండు గంటల ఇంటర్వెల్ బెల్లులో అమ్మ వాణ్ణి కుళాయి దగ్గరికి పిలిచేది. మొదటి రెండు రోజులు వాడు నేల చూశాడు. మూడో రోజు నోరు విప్పాడు. నాలుగో రోజు వాడేదో అంటే మా అమ్మ నవ్వింది. మామూలు నవ్వు కాదు, కొంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలేటట్టు నవ్వింది. నేను పుట్టినప్పటి నుంచీ ఎన్ని జోకులు వేసినా ఆమెకు పంటినొప్పి వచ్చినట్టే ఉండేది మొహం. ఆ రోజు పచ్చిమిరపకాయ నమిలినట్టు మండింది నాకు.

అర్హత లేకపోవడమే నా లోపమని తేల్చుకుని, అల్లరి మొదలుపెట్టాను. ప్రార్థనలో కుక్కలాగా మొరిగాను. చాక్‌పీసుల డబ్బాలో నీళ్ళు పోశాను. అల్లరికి కూడా ప్రతిభ కావాలని అప్పుడు తెలిసింది. వాడికి రెండు నిమిషాలు దొరికితే, నాకు ఎండలో అరగంట దొరికింది.

ఏడో రోజు సాయంత్రం అమ్మ వంట చేస్తుంటే ఆ నోటుబుక్కు తెరిచి చూశాను. ఏడు పేజీలు. వాడికి ఎర్రకారం దోశ ఇష్టం. హారన్ విని అది ఏ ఊరి బస్సో చెప్పగలడు. వాళ్ళమ్మ ఫోన్ చేసే శుక్రవారం నాడు ఎవర్నీ కొట్టడు. నా పేరు ఎక్కడైనా ఉందేమోనని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు వెతికాను. లేదు. పుస్తకం నా సంచిలో పెట్టుకున్నాను.

మరుసటి రోజు పొద్దున అమ్మ ఇల్లంతా వెతికి, దొరక్క, ఆలస్యమవుతోందని బడికి వచ్చేసింది. నేను ముందే వెళ్ళి దాన్ని వాడి సంచిలో దూర్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను. తీరా పులివెందుల మేడం ఆ రోజే వచ్చింది. పుస్తకం లేదనేసరికి హెడ్మాస్టరుకు తల కొట్టేసినట్టయి, అందరి సంచులూ దులపమన్నాడు. వాడి సంచిలోంచి పడింది. ఎందుకు తీశావంటే వాడు మాట్లాడలేదు. ఒకసారి నా వైపు చూశాడు, అంతే.

"ఇంగ వీడు మన బడిలో వద్దు టీచర్. రేపు వాళ్ళవ్వను పిలిపించి టీసీ ఇచ్చేస్తాం," అన్నాడు హెడ్మాస్టరు.

మా అమ్మ పుస్తకం తీసుకుని దుమ్ము దులిపింది. ఆ తొందరలో నాకు తట్టని సంగతి ఆమెకు వెంటనే తట్టింది. ఇంట్లో పోయిన పుస్తకం వాడి సంచిలోకి నడిచి రాదు.

"అది ఇంటికాడ వదిలేసొచ్చినా సార్. ఆణ్ణుంచి ఎవరు తెచ్చినారో నాకు తెలుసు. వీడు కాదు," అంది. నా వైపు చూడలేదు. చూడకపోవడం దెబ్బ కన్నా గట్టిగా తగిలింది. హెడ్మాస్టరు టీసీ ఊసు మానేశాడు. అంతలో బెల్లు కొట్టారు. ఆమె ఎప్పటిలాగే వాణ్ణి కుళాయి దగ్గరికి తీసుకుపోయింది.

ఆ రాత్రి తన్నులకు సిద్ధంగా, నిక్కరు కింద ఇంకో నిక్కరు వేసుకుని కూర్చున్నాను. అమ్మ తిట్టలేదు. "రేపూ ఎల్లుండి వానితో నువ్వు మాట్లాడు," అంది. "నీ గొప్పలు చెప్పద్దు. అడుగు, విను. రెండే నిమిషాలు."

నా గురించి చెప్పకుండా రెండు నిమిషాలు గడపడం నాకు అదే మొదటిసారి. కుళాయి దగ్గర ఇద్దరం నిలబడ్డాం. మాట దొరక్క అసలు సంగతే అడిగేశాను, పుస్తకం పెట్టింది నేనని నీకు తెలుసా అని.

"సూసినా. కిటికీలోంచి."

"మరి సార్‌కు ఎందుకు చెప్పలే?"

వాడు కుళాయి కట్టేసి, చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "చెప్తే మీయమ్మ నిన్ను తిట్టుకుంటా నిలబడతాది. బెల్లు టైమయింది గదప్పా. నాతో మాట్లాడేది ఎప్పుడు?"

టీసీ ఇస్తే ఏం చేసేవాడివని అడిగాను. అది రేపటి సంగతి గదా అన్నాడు. తర్వాత, "మీయమ్మ నీకైతే ఇంటికాడ గూడా ఉంటాది," అన్నాడు. ఏడవలేదు, కోపంగా కూడా అనలేదు. బస్సు ఏ ఊరిదో చెప్పినట్టు చెప్పాడు. క్లాసులోకి పోతూ వాడు వెనక్కి తిరిగి, "రేపు గూడా నువ్వేనా?" అన్నాడు. ఆ గొంతులోని నిరాశ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నాకు వేసిన శిక్ష వాడికి తగులుతోంది.

సాయంత్రం అమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పాను. పదో రోజు నువ్వే పోమ్మా అన్నాను. ఆమె కూరగాయలు తరగడం ఆపి, ఎందుకని అడిగింది. ఎందుకో చెప్పడం చేతకాక, వాడు నా జోకులకు నవ్వడం లేదని చెప్పాను. అమ్మ కత్తిపీట పక్కన పెట్టి, నా తల నిమిరింది. ఎక్కాలు అడగలేదు.

పదో రోజు ఆమే వెళ్ళింది. రెండు నిమిషాలు అని పేరే కానీ, బెల్లయ్యేదాకా మాట్లాడుకున్నారు. దూరంగా నిలబడి చూస్తుంటే నా అసూయ పోయిందా అంటే పోలేదు. ఆమె నవ్విన ప్రతిసారీ మండింది. కాకపోతే మండుతూనే నిలబడి ఉండగలనని తెలిసింది, వాడి జోలికి పోకుండా.

పోయిన నెల నాకూ అలాంటి ట్రైనింగే ఇచ్చారు. ఒక పిల్లవాణ్ణి ఎంచుకోమన్నారు. అల్లరి చేసేవాణ్ణి ఎంచుకోవడానికి పెద్ద కష్టమేం లేదు, వాడే వచ్చి మీద పడతాడు. వాడితో మాట్లాడటానికి రోజూ వరండాలో నిలబడతాను. కానీ మాట మధ్యలో ఒకసారి తలెత్తి క్లాసులోకి చూస్తాను. చేతులు కట్టుకుని, హోంవర్కు అంతా చేసుకుని, మా ఇద్దరి వైపే చూస్తూ లోపల్లోపల ఉడికిపోయేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. బెల్లు కొట్టాక ముందు వాడి బెంచీ దగ్గరికి పోతాను.