జోహరాబీ తడవని అగ్గిపుల్లలు

చిలకలూరిపేట దగ్గర్నుంచి ఏటా పత్తితీతకు బయలుదేరే పున్నమ్మ ముఠాలో జోహరాబీ వంటమనిషి. పంతొమ్మిదిమంది ఆడవాళ్ళకు చేలగట్లమీదే వండి పెట్టేది. మాట కటువు. ఎవరైనా అన్నం తక్కువ పెట్టించుకుంటే మాత్రం ఊరుకునేది కాదు.

1998లో ఒక చేలో ఉండగా రెండు రోజులు ముసురు పట్టింది. పట్టా కింద దాచిన అగ్గిపెట్టెలన్నీ మెత్తబడ్డాయి. పుల్ల గీస్తే మందు ఊడి వేలికి అంటుకుంటోంది. సరిగ్గా అప్పుడే ముఠాలో అందరికన్నా చిన్నదైన కరీమున్‌కి చలిజ్వరం వచ్చింది. వణికిపోతూ ఒక్క గ్లాసు వేడినీళ్ళు అడిగింది. పున్నమ్మ బురదలో పడుతూ లేస్తూ ఊళ్ళోకి వెళ్ళి అగ్గిపెట్టె తెచ్చేసరికి పొద్దు వాలింది.

కరీమున్ కోలుకుంది గాని, జోహరాబీకి ఆ దిగులు పోలేదు.

"వంటమనిషినై ఉండి గ్లాసుడు వేణ్ణీళ్ళు ఇవ్వలేకపోయాన్రా" అని ఇంటికొచ్చాక తమ్ముడు సాదిక్ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ వారమే తడవని డబ్బా కోసం వెతకడం మొదలుపెట్టింది. దొరికినదాంట్లో చిటికెడు దూది పెట్టి, మూత బిగించి, బకెట్లో రాయి కింద ఒక పూట ముంచి ఉంచేది. రేకు పిప్పరమెంటు డబ్బాలో గంటకే నీళ్ళు చేరాయి. మందుసీసా నిలబడింది గాని, మూటలో గిన్నెలు తగిలి పగిలింది. చివరికి సాదిక్ తన ఫోటో స్టూడియోనుంచి కెమెరా రీళ్ళు వచ్చే నల్లటి ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకొచ్చాడు. మూత టప్పున పడింది. సాయంత్రం తీసి చూస్తే దూది పొడిగా ఉంది. అగ్గిపుల్ల కూడా అందులో సరిగ్గా పట్టింది.

"ఇంత పరీక్ష నా పెళ్ళికి పిల్లను చూసినప్పుడు కూడా పెట్టలేదక్కా నువ్వు" అన్నాడు సాదిక్.

"అప్పుడు తొందరపడ్డాంలే" అంది జోహరాబీ. లోపలున్న మరదలు వినేలాగే అంది.

డబ్బా ఒక్కటే చాలదని ఆమెకు తెలుసు. వేణ్ణీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కొవ్వొత్తి కరిగించి, పుల్లల తలలు అందులో ముంచి ఆరబెట్టింది. మైనం మందంగా పట్టినవి గీస్తే అంటుకోలేదు. గోటితో కాస్త గీకితే అంటుకున్నాయి. పెట్టె పక్కనుండే గరుకు కాగితం కత్తిరించి, పుల్లల తలలకు రాసుకోకుండా గరుకువైపు డబ్బా గోడకు తిప్పి పెట్టింది. అలాంటివి మూడు చేసి ఒకటి బొడ్లో, ఒకటి బియ్యం మూటలో పెట్టుకుంది. మూడోది పున్నమ్మకిచ్చింది.

"ఏందే ఇది, తాయెత్తా?" అని పున్నమ్మ పకపకా నవ్వి, అది ఎక్కడో పారేసుకుంది.

2006 అక్టోబరు చివర ముఠా ప్రకాశం జిల్లాలో ఆదెయ్య అనే రైతు చేలో ఉంది. ఒక తెల్లవారుజామున వాన విరుచుకుపడింది. గుడారం కూలింది, బియ్యం మూట సగం కొట్టుకుపోయింది, దారి మునిగింది. అందరూ మోకాలిలోతు నీళ్ళలో నడిచి మెరకమీదున్న ఆదెయ్య పొగాకు బ్యారన్‌లోకి చేరారు. అది ఆకు కాల్చే ఎత్తయిన ఇటుకల గది. బయట రేకుల కిందున్న పొయ్యిలో మంట పెడితే ఇనుప గొట్టాల గుండా వేడి లోపలంతా తిరుగుతుంది. నిరుటి మొద్దులు, చితుకులు కొన్ని మూల పడున్నాయి. ఆడవాళ్ళ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

జోహరాబీ బయటి పొయ్యి దగ్గర కూచుని బొడ్లోనుంచి డబ్బా తీసింది. ఆత్రంలో మైనం గీకడం మరిచి గీస్తే మొదటి పుల్ల విరిగింది. రెండోది వెలిగీ వెలగగానే గాలికి ఆరిపోయింది.

"చుట్టూ నిలబడండే!" అని అరిచింది. వీపులు ఆనించి అందరూ దడి కట్టారు. పున్నమ్మ తాను మోసుకొచ్చిన తడి పత్తిబస్తా నడిమికి చెయ్యి దూర్చి పొడిపత్తి గుప్పెడు లాగింది. మూడో పుల్లకు పత్తి భగ్గుమంది, చితుకులు చిటపటలాడాయి, మొద్దు రాజుకుంది.

మధ్యాహ్నానికి గొట్టాలు వెచ్చబడ్డాయి. మిగిలిన బియ్యంతో గంజి కాచి అందరికీ పోసింది. పున్నమ్మ తన గ్లాసు ముందు జోహరాబీ చేతికే ఇచ్చి, "నువ్వు తాగవే ముందు" అంది.

మర్నాడు ఆదెయ్య పడవ మాట్లాడుకుని వచ్చాడు. "మిమ్మల్ని ఏ గట్టున వెతకాలా అని ఏడుస్తున్నానమ్మా. ఆకు కాల్చని ఈ నెల్లో బ్యారన్ పొగ ఏందా అని ఇటు తిప్పించా" అన్నాడు. అందరూ క్షేమంగా పేట చేరారు.

ఆ తర్వాత ముఠాలో ప్రతి ఒక్కరికీ ఆ డబ్బా కావలసివచ్చింది. ఈలోగా సాదిక్ డిజిటల్ కెమెరా కొన్నాడు, రీలు డబ్బాలు రావడం మానేశాయి. జోహరాబీ నీళ్ళచెంబు పట్టుకుని జాన్ బాషా ప్లాస్టిక్ సామాన్ల కొట్టుకు వెళ్ళింది. మరమూతల డబ్బాలు ఒక్కొక్కటే చెంబులో ముంచసాగింది.

"కొనకముందే తడిపేస్తే ఎట్టా పిన్నీ?" అన్నాడు అతను.

"కొన్నాక తడిస్తే చేలోకి నువ్వొస్తావా?"

జాన్ బాషా నవ్వి, లోపలికి వెళ్ళి బకెట్ నిండా నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.