నోట్లో గుండుసూదులు

మా వదిన దర్జీ. పనిలో ఉన్నంతసేపూ ఆవిడ పెదాల మధ్య గుండుసూదులుంటాయి, అందుకని మాటలుండవు. ఏమడిగినా "ఊఁ" అంటుంది. ఇంట్లో తన మాట చెల్లేది ఆ కాసేపేనని మా అన్నయ్య మురిసిపోతుంటాడు.

ముందుగదే ఆవిడ దుకాణం. కిటికీ పక్కన మిషను, గోడకు నిలువుటద్దం, దాని ముందు కొలతలకొచ్చినవాళ్లు ఎక్కి నిలబడే పీట. మిషను కింద, గుడ్డపీలికల మీద ముడుచుకుని పడుకునేది బాబిన్, అంటే వాళ్ల కుక్క. పిల్లలు చెవులు పట్టుకు లాగినా ఊరుకునే రకం. వచ్చిన చిక్కల్లా గౌను అంచు దగ్గరే. ఎవరైనా పీటెక్కాక, వదిన వాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని అంచు మడిచి సూదులు గుచ్చడం మొదలెట్టిందా, దీనికి పూనకం వచ్చేస్తుంది. మొన్న పై అంతస్తు ఓనరమ్మ కొత్త గౌనుని పళ్లతో పట్టుకుని పర్రున చింపేసింది. ఆవిడ కేకలేం వెయ్యలేదు. ఇంకో గౌను కుట్టిపెట్టమంది, కుక్కని మాత్రం నెలాఖరుకల్లా పంపించెయ్యమంది. ఆ పూట వదిన భోజనం ముట్టలేదు.

సలహాలకేం, ఇంటికొకటి. కట్టెయ్యమని ఒకరు, తిండి తగ్గించమని ఇంకొకరు. అన్నయ్య మూతికి తొడిగే జాలీ కొనుక్కొచ్చి, వదిన చూసిన చూపుకి దాన్ని మళ్లీ షాపుకే పట్టుకెళ్లాడు. నేను కుక్కల డాక్టరుకు చూపిస్తే, ఒంట్లో ఏ నొప్పీ లేదు, మంచి ట్రైనరును చూసుకోమన్నాడు. మొదట దొరికినతను, కుక్కని తనకప్పగిస్తే మెడకు కరెంటు పట్టీ కట్టి దారికి తెస్తానన్నాడు. ముందు మీరు కట్టుకుని చూపించండి అంది వదిన. అతను మళ్లీ ఫోనెత్తలేదు.

రెండో అతను బారు మీసాల మనిషి. గొడవ జరిగేచోటే చూడాలని ఇంటికొచ్చాడు. పరదా గుడ్డ ఒకటి నడుముకు చుట్టుకుని, అంచు పట్టుకుని, బుద్ధిగా పీటెక్కాడు. నవ్వాపుకోలేక నేను వంటింట్లోకి పారిపోయాను. వదిన నోట్లో సూదులు పెట్టుకుని వంగిందో లేదో, బాబిన్ గుర్రుమంది. ఈసారి సూదులు లేకుండా, ఏదో ఒకటి మాట్లాడుతూ వంగమన్నాడు. బాబిన్ చెవులు కదిపి ఊరుకుంది.

"మీరు కిందికి వంగి, ఉలుకూ పలుకూ లేకుండా అయిపోతే దానికి భయమేస్తోందమ్మా. పైన నిలబడ్డవాళ్లు మిమ్మల్ని ఏదో చేస్తున్నారనుకుంటోంది. దానికి నేను నేర్పిస్తాను. మీరు మాట్లాడ్డం నేర్చుకోవాలి."

గది మూల చాప పడింది. వదిన వంగినప్పుడు బాబిన్ చాప మీదే ఉంటే బిస్కెట్ ముక్క. సూదులు మణికట్టుకు కట్టుకున్న చిన్న దిండులోకి మారాయి. కుక్క చకచకా నేర్చేసుకుంది, వదినే మొండికేసింది. చెయ్యి అలవాటుకొద్దీ నోటి దగ్గరికి పోయేది. మాటలు దొరక్క దారం రంగులన్నీ వరసగా చెప్పేది. పీట మీద బొమ్మలా నిలబడి నా కాళ్లు పీకేశాయి.

నెలాఖరుకు కాస్త ముందు ఓనరమ్మ కొత్త గౌను వేసుకుని దిగింది. కుక్క వైపు ఓ కన్నేసి పీటెక్కింది. గుమ్మంలో నేనూ మీసాల ట్రైనరూ నిలబడ్డాం. వదిన మొదలెట్టింది. ఎండ సంగతి చెప్పింది, నీళ్ల మోటారు సంగతి చెప్పింది, దారాల దాకా వచ్చింది. సగం అంచు అయ్యేసరికి సరుకు నిండుకుంది. సూది పట్టుకున్న చెయ్యి పెదాల దాకా వెళ్లింది. చాప మీద బాబిన్ తలెత్తింది.

"దీన్ని పంపించేస్తే నేనుండలేనండీ," అంది వదిన, అంచు మీంచి చూపు తిప్పకుండా. "మిషను దగ్గర కూర్చుంటే నా పాదం మీద తలపెట్టుకు పడుకుంటుంది. ఆ బరువు లేకపోతే నాకు చేతులాడవు."

బాబిన్ తల వాల్చింది. వదిన మోచేత్తో కళ్లు తుడుచుకోవడానికి మాట ఆపింది. అది మళ్లీ తలెత్తింది. ఈసారి ఓనరమ్మ కూడా చూసింది. అద్దంలో కుక్కనీ, కాళ్ల దగ్గర వంగిన మనిషినీ మార్చి మార్చి చూసింది.

"పంపద్దులెండి," అంది. "ఆపకండి. ఇంకా ఏమేం చేస్తుందో చెప్పండి."

వదిన ముక్కు ఎగబీల్చి చెప్పడం మొదలెట్టింది. అంచు పూర్తయ్యాక కూడా ఆపలేదు.