న్యుంగ్ నమ్మని సూదులు

న్యుంగ్ ఎవరినీ నమ్మదు. హుయే పట్నం సంతలో చేప మొప్పలెత్తి వాసన చూసి, "నిజంగా ఇవాళ పట్టిందేనా?" అని కళ్లు చికిలించి అడగందే కొనదు. మొగుడు థుయెన్‌కి క్యాన్సరు. రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టలో పొడవమని ఆసుపత్రిలో ఇచ్చిన సూదుల్నీ అలాగే చూసింది. "ఉన్న రక్తాన్ని రోగం తాగేస్తుంటే మిగిలినదాన్ని నీళ్లు చేస్తారట!" అని కోడలు లోవాన్ దగ్గర గొణిగింది. వేస్తున్నానని చెబుతూనే, నాలుగు రోజులుగా వాటిని బియ్యం కుండలో దాస్తోంది.

ఈ పొద్దున గంజి తాగుతుంటే థుయెన్ చేతిలోంచి చెంచా జారిపోయింది, మూతి వంకరపోయింది. పదివేళ్ల కొసలూ పొడిచి చెడురక్తం తీద్దామని న్యుంగ్ బట్టలు కుట్టే సూది పట్టుకొచ్చింది. "వద్దత్తా! ఆసుపత్రికి పద," అని లోవాన్ ఆ సూది లాక్కుంది. అక్కడ డాక్టరమ్మ అడిగింది: "రక్తం పలచబరిచే సూది నిన్న వేశారా? వేసుంటే మెదడులో గడ్డ కరిగించే మందు ఇవ్వలేం, రెండూ కలిస్తే లోపల రక్తం కారి ఆగదు."

"వేసిందండీ, రోజూ అత్తే వేస్తుంది," అంది లోవాన్.

"వెయ్యలేదు. నాలుగు రోజులైంది," అంది న్యుంగ్.

డాక్టరమ్మ కళ్లు చికిలించింది. "నిజంగానా?"

బయల్దేరేముందు కుండలోంచి తీసిన నాలుగు సూదుల్నీ న్యుంగ్ జేబులోంచి తీసి బల్లమీద పెట్టింది. ఒక్కదాని మూతా ఊడలేదు. అన్నిటికీ తవుడు అంటుకుని ఉంది.

"నన్ను నమ్మకు తల్లీ, చూసుకో."