సంపత్ బండి కింద నిలబడని బాటిల్

నిన్న పొద్దున ఫోన్ వచ్చినప్పుడు నేను నవ్వాను.

"అన్నా, సంపత్ బండి పల్టీ కొట్టింది" అని మన ఆఫ్‌రోడ్ గ్రూపులోంచే ఒకరు చెప్పారు.

నాకది అలవాటైన వార్త. "మళ్లా ఏ బురదల పడ్డడురా?" అన్నాను.

"బురద గాదన్నా. ఆసిఫాబాద్ అవతల ఘాట్ల. మనిషి లేడు."

నవ్వు ఆగింది. కానీ ముందు నవ్వాను. అది రాయకుండా ఈ పోస్ట్ మొదలుపెట్టలేను.

సంపత్ ఎవరో తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. హుజూరాబాద్ దగ్గర ఊరు. కొంచెం పొలం, ఒక ఎరువుల షాపు, మోకాళ్లు అరిగిపోయిన అమ్మ. ఆమెను కరీంనగర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడానికే పికప్ కొన్నాడు. వాన పడితే వాళ్ల ఊరి నల్లరేగడి బాటలో కారు కదలదు.

తర్వాత, సరదాకి బురదల్లో, గుట్టల్లో బండ్లు తోలే మన గ్రూపులో చేరాడు. మన బండ్లు చూసి ముచ్చటపడ్డాడు, పాపం.

మన దగ్గర కొత్త బండికి ఒక పరీక్ష ఉంది. చిన్న నీళ్ల బాటిల్ నేల మీద నిలబెట్టి, దాని మీదుగా బండి పోనివ్వాలి. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా వేలాడే ఇనుప డబ్బా దానికి తగలకూడదు. బాటిల్ పడితే ఆ బండి పేరు 'ఆటో'.

ఈ పరీక్ష పెట్టింది నేనే.

సంపత్ బండికి బాటిల్ పడింది. అందరం ఆటో ఆటో అని అరిచాం. వాడూ నవ్వాడు. కాసేపటికి నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"అన్నా, ఏ లిఫ్ట్ కిట్ ఏపియ్యాలె? రెండించులా, నాలుగించులా?"

లిఫ్ట్ కిట్ వేస్తే బాడీ లేస్తుంది. ఇరుసు లేవదు. ఇరుసు లేవాలంటే పెద్ద టైర్లు వేయాలి. టైర్లు మార్చకుండా ఎన్ని ఇంచులు లేపినా ఆ బాటిల్ పడుతూనే ఉంటుంది.

నాకు తెలుసు. మీలో సగం మందికి తెలుసు. ఒక్కరం చెప్పలేదు. తమాషా చూద్దామనుకున్నాం.

"రెండించులు ఏపియ్ తమ్మీ" అన్నాను.

వేయించాడు. మంచి కిట్టే. ముందు కొత్త స్ప్రింగులు, వెనక బరువు మోసే ఇనుప పట్టీలు, కమాన్లు, అవీ కొత్తవే. మందమర్రి దగ్గర కలిసినప్పుడు మళ్లీ బాటిల్ పెట్టాం. పడింది. మనం ఎట్లా నవ్వామో గ్రూపులో వీడియో ఉంది.

"అయితే నాలుగించులా అన్నా?"

"మరి? రెండించులు పెండ్లి కారుకు ఏస్తర్రా."

ఈసారి మంచి కిట్ కూడా కాదు. కమాన్ల కింద ఇనుప దిమ్మెలు పెట్టించి లేపించాడు. పని చేసిన మిస్త్రీ చెప్పాడట: "గింత ఎత్తు మంచిది గాదు సార్, మలుపుల ఒరుగుతది."

సంపత్ అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు. ఏం చేయమంటావన్నా అని అడిగాడు.

"మిస్త్రీలకేం తెల్వది. నువ్వు ఏపియ్" అన్నాను.

బాటిల్ మళ్లీ పడింది.

ఆ ఎత్తుకు వాళ్లమ్మ బండి ఎక్కలేకపోయింది. వాడు ఒక చెక్క పీట చేయించి సీటు వెనక పెట్టుకున్నాడు. ఆ పీట చూసి "ఆటోకు మెట్టు గూడ వచ్చిందిరా" అన్నది ఎవరో గుర్తుందా? వీడియోలో గొంతు వినండి. అది నా గొంతు.

మొన్న సాయంత్రం వాడి నుంచి మెసేజ్ వచ్చింది.

"అన్నా, పెద్ద టైర్లు ఏపిచ్చిన. కిట్‌తోని కాదట గదా, టైర్ల షాపాయన చెప్పిండు. నువ్వు మర్చిపోయినట్టున్నవ్. రేపు బాటిల్ పడదు చూడు."

మర్చిపోయానట. నన్ను అనుమానించడం కూడా రాలేదు వాడికి.

ఆ బండిలోనే నిన్న మన మీట్‌కు వస్తూ ఘాట్ ఎక్కాడు. మలుపులో లారీ ఎదురైంది. స్టీరింగ్ పక్కకు తిప్పాడు. ఒరిగిన బండి మళ్లీ నిలబడలేదు.

పోస్టుమార్టం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అంబులెన్స్ సంపత్ ఊరి బాట దగ్గర ఆగిపోయింది. వాన. నల్లరేగడి. ఇక పోగలిగినవి మన బండ్లే. మొత్తానికి మన లిఫ్టులు ఒక పనికొచ్చాయి.

సంపత్‌ను నా బండి వెనక తొట్టిలో పడుకోబెట్టాం.

వాళ్లమ్మ ఆ మోకాళ్లతో బురదలో నడుచుకుంటూ రోడ్డు దాకా వచ్చింది. కొడుకు పక్కనే కూర్చుంటానంది. నేను ఎత్తుకోబోయాను. వద్దంది.

"పీట లేదా బిడ్డా? మా సంపత్ పీట ఏస్తుండె."

పీట ఉంది. పోలీసులు వాడి ఫోను, చెప్పులతో పాటు ఇచ్చారు. ఒక కాలు విరిగి ఉంది. నేల మీద పెట్టి, అది ఒరగకుండా బురదలో కూర్చుని రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి ఎక్కింది.

ఎక్కుతూ అడిగింది.

"గింత ఎత్తెందుకు బిడ్డా గీ బండ్లు?"

నేను పీటను విరిగిన కాలు వైపు ఇంకాస్త ఎత్తి పట్టాను.

"సంపత్‌ను అడిగితే, అన్నకు ఎరుక అవ్వా, అన్న చెప్తేనే ఏపిచ్చిన అనెటోడు" అంది.

ఇవాళ పొద్దున దహనం అయిపోయింది. గ్రూపులో అందరూ దీపం ఫోటోలు పెడుతున్నారు. పెట్టండి. ఆ వీడియోలు మాత్రం ఎవరూ డిలీట్ చేయకండి.

పోయిరా తమ్మీ. నేను మర్చిపోలేదురా, తెలిసే చెప్పలేదు. నీకు శాంతి దొరకాలి. నాకు వద్దు.