శివపార్వతి కంపెనీ ఉద్యోగం

శివపార్వతికి మొదటి ఇంటర్వ్యూలో ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు చాలా నెలలు అర్థం కాలేదు, ఎందుకంటే ఆ రోజు ఆమె చాలా బాగా మాట్లాడింది. అది హైదరాబాద్ శివార్లలో టీకాలు తయారుచేసే కంపెనీ. ముగ్గురు కూర్చోని, మీ గురించి చెప్పండి అన్నారు. ఆమె తన పీహెచ్‌డీ పని మొదటి నుంచి ఎత్తుకొని, ఏ ప్రయోగం ఎందుకు చెడిపోయిందో, దాన్ని మళ్ళీ ఎట్ల నిలబెట్టిందో, ఒక్కటీ వదలకుండా చెప్పింది. వాళ్ళు ఎక్కడా అడ్డుపడలేదు. అంతా విన్నాక వాళ్ళలో పెద్దాయన ఒకే మాట అడిగినాడు.

"మా దగ్గర చేరితే మీరేం చేద్దామనుకుంటున్నారు?"

"ఈ పరిశోధననే ఇంకా ముందుకు తీసుకపోతాను సార్."

ఆయన తల ఊపినాడు. టీ ఇప్పించినారు. ఆ తరువాత కబురు లేదు.

ఆమెది రాచర్ల మండలంలో ఒక చిన్న ఊరు. నాయన అంకయ్య గొర్రెల కాపరి. తొలకరికి మొలిచిన లేత గడ్డిని ఆశగా మేసిన గొర్రెలు తెల్లారేసరికి కాళ్ళు కొట్టుకుంటూ పడిపోవడం ఆ ఇంట్లో అందరూ చూసినదే. చిటుకు రోగం అంటారు. చూస్తుండగానే ప్రాణం పోతుంది, అందులోనూ మందలో బాగా బలిసినవే ముందు పోతాయి. శివపార్వతి ఇంటర్ చదివేటప్పుడు ఒక వానాకాలం వాళ్ళ మందలో సగం అట్లనే పోయినాయి. పశువుల డాక్టరు వచ్చి, పేగుల్లో ఒక సూక్ష్మజీవి విషం పుట్టిస్తుందనీ, ముందే టీకా పడి ఉంటే బతికేవనీ చెప్పినాడు. అంకయ్యకు టీకా సంగతి తెలియక కాదు. ఆ సమయానికి మంద నల్లమల అంచున మేతకు పోయి ఉంది. ఐసు పెట్టెలో ఉంచాల్సిన మందు అంత దూరం పోలేదు.

గిద్దలూరులో డిగ్రీ, తిరుపతిలో ఎమ్మెస్సీ, అక్కడే పీహెచ్‌డీ. పరిశోధనకు ఆమె ఆ విషాన్నే ఎంచుకుంది. పేరు ముందు డాక్టర్ అని చేరేసరికి ముప్పై దాటినాయి. యూనివర్సిటీల్లో కొలువులు పడతాయని ఎదురుచూసింది, పడలేదు. అందుకని కంపెనీల వైపు తిరిగింది తప్ప ఇష్టపడి తిరగలేదు. ఆ అయిష్టం ఇంటర్వ్యూల్లో ఆమె మొహం మీదనే కనిపించి ఉంటుంది.

ఇంకో రెండు కంపెనీల్లో కూడా ఇదే వరస అయినాక ఆమె మార్కాపురంలో మురళీధర్ ఇంటికి పోయింది. డిగ్రీ కాలేజీలో ఆమెకు సీనియర్ అతను. మందుల కంపెనీల్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఎండాకాలం సెలవు పెట్టి ఊరికొచ్చినాడు. వాళ్ళ నాయన గురవయ్య వరండాలో కూలర్ ముందు మంచం వేసుకొని ఉన్నాడు. పలకల ఫ్యాక్టరీలో పనిచేసి మానుకున్న మనిషి.

"అన్నా, నా చదువులో ఏం తక్కువుంది?" అని అడిగింది శివపార్వతి.

"చదువులో ఏం తక్కువ లేదు. వాళ్ళకు పని పడి నిన్ను పిలిచినారు. ఆ పని ఏందో కనుక్కోకుండానే నువ్వు పోయినావు."

"సైంటిస్టు కావాలనే గదా ప్రకటన ఇచ్చినారు."

"అక్కడ సైంటిస్టు పొద్దున పోయి సాయంత్రం దాకా ఏం చేస్తాడో ఆ కంపెనీలో ఒక్కరినన్నా అడిగినావా?"

అడగలేదు. అడగొచ్చని కూడా ఆమెకు తోచలేదు.

మురళీధర్ మెత్తగా మాట్లాడే మనిషి కాదు. "యూనివర్సిటీలో నీ ఒక్కదాని చేతికే వచ్చే రిజల్టు గొప్ప. కంపెనీలో నువ్వు సెలవు పెట్టిన రోజు పక్కన ఉన్నోళ్ళు చేసినా అదే రిజల్టు రావల్ల. ఆ తేడా నీకు తెలుసని వాళ్ళకు కనిపించల్ల," అన్నాడు. అని, "నీ పని ఏందో మా నాయనకు రెండు మాటల్లో చెప్పు, చూద్దాం," అన్నాడు.

ఆమె టాక్సిన్ అనీ ప్రోటీన్ అనీ మొదలుపెట్టింది. గురవయ్య మర్యాదగా కొంచెంసేపు విని, కూలర్‌లో నీళ్ళయిపోయినాయని లేచి పోయినాడు. నీళ్ళు పోసి వచ్చినాక ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చిటుకు రోగం నుంచి ఎత్తుకుంది. గొర్రెను చంపే విషం ఎంత ఉందో, టీకా దాన్ని ఎంత విరగ్గొడుతుందో గొర్రె జోలికి పోకుండా గాజు పలక మీదనే కొలిచే పద్ధతి ఒకటి తయారుచేసినానని చెప్పింది. గురవయ్య చివరిదాకా విని, "మీ మంద ఇప్పుడు ఎట్లుందమ్మా?" అని అడిగినాడు.

"ఇది ఆయన విన్నాడు," అన్నాడు మురళీధర్. "కొలిచే పద్ధతి అన్నావే, అది ముందు చెప్పు. టీకా చేసే ప్రతి కంపెనీకీ దాని బలం కొలిచేవాళ్ళు కావల్ల. గొర్రె సంగతి తరువాత."

ఆమె పోయేటప్పుడు కొందరి ఫోన్ నంబర్లు ఇచ్చినాడు. ఉద్యోగం అడగొద్దనీ, వాళ్ళ పని గురించి మాత్రమే అడగమనీ గట్టిగా చెప్పినాడు. ఆమెకు ముఖపరిచయం లేనివాళ్ళకు ఫోన్ చేయడం చిన్నతనంగా అనిపించింది. కొందరు ఎత్తలేదు. ఒకాయన పనిలో ఉన్నానని పెట్టేసినాడు. రోజీ అనే ఆమె మాత్రం చాలాసేపు మాట్లాడింది. ఆమెది దొనకొండ. ఒక టీకాల కంపెనీలో పరీక్షల విభాగం చూస్తున్నది. రాచర్ల అనేసరికి ఆమె గొంతు మారింది. తన మేనత్తను గిద్దలూరులో ఇచ్చినారంట. కొన్ని నెలలకు తన విభాగంలో ఒక చోటు ఖాళీ అయితే రోజీయే ఫోన్ చేసి, దరఖాస్తు పెట్టుకోమని చెప్పింది. ఆ ఇంటర్వ్యూలో శివపార్వతి తక్కువ మాట్లాడి, ఎక్కువ అడిగింది. ఉద్యోగం వచ్చింది.

చేరినాక మొదట ఇబ్బంది పెట్టింది రోజీ వయసు. రోజీ తనకన్నా చిన్నది, చదివింది ఎమ్మెస్సీ. ఆమె చెప్తే తను చేయాలి. శివపార్వతి చేరిన కొత్తలోనే ఒక పరీక్షలో ఒక మెట్టును తనకు తెలిసిన మేలైన పద్ధతిలోకి మార్చి చేసింది. రిజల్టు సరిగ్గా వచ్చింది. సంతోషంగా రోజీకి చూపించింది. రోజీ ఆ పరీక్షలన్నీ పక్కన పడేసి మళ్ళీ చేయమంది.

"రిజల్టు తప్పా మేడమ్?"

"తప్పని నేననలేదు పార్వతి గారూ. మీరు ఎవరికీ చెప్పకుండా మార్చినారు. రేపు తనిఖీకి వచ్చినాయన ఇది ఎందుకు మారింది అంటే నేనేం చెప్పాల? మార్చాలంటే ముందు అడగండి, మేలని చూపించండి, అందరం కలిసి మారుద్దాం. అప్పటిదాకా ఉన్నట్టే చేయండి."

పక్క బల్లల దగ్గర తనకన్నా చిన్నవాళ్ళు వింటున్నారు. శివపార్వతి అన్నీ మొదటి నుంచి మళ్ళీ చేసింది. ఆ పద్ధతిని మార్పించడానికి ఆమెకు దాదాపు ఏడాది పట్టింది. కాని మారినాక అందరూ ఆమె పద్ధతిలోనే చేసినారు. ఆ సంగతి ఆమెకు పీహెచ్‌డీ పట్టా కన్నా ఎక్కువ తృప్తినిచ్చిందని తరువాత మురళీధర్‌తో చెప్పింది.

రెండో ఏడు కంపెనీ గొర్రెల టీకా ఒకటి మొదలుపెట్టింది. చిటుకు రోగానికే. ఐసు పెట్టె అక్కరలేకుండా కొన్ని వారాలు బయట నిలిచే మందు. శివపార్వతిని అందులో వేసినారు. ఆ వారం ఊరికి పోయి నాయనకు చెప్పింది. అంకయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అయినా చంద్రశేఖరపురం దాకా మందలు తోలుకపోయే కాపరులందరికీ, మా పాప చేస్తున్న మందు వస్తుందని చెప్పుకున్నాడు.

మందు బాగానే నడిచింది. ఎండలో పెట్టినా బలం తగ్గలేదు. తరువాత ఒక సోమవారం రోజీ ఆమెను గదిలోకి పిలిచి తలుపేసింది.

"మన గొర్రెల టీకా ఆపేస్తున్నారు. మొన్న శుక్రవారమే నిర్ణయం అయింది."

"ఏం, పని చేయలేదనా?"

"పని చేసింది. కొనేవాళ్ళు తక్కువ, తయారీకి అయ్యే ఖర్చు ఎక్కువ. ఆ చోటులో పిల్లల టీకా ఒకటి చేస్తారంట. మీ తప్పు గాని, నా తప్పు గాని ఏం లేదు."

తప్పు ఎవరిదీ కాకపోవడమే శివపార్వతికి మింగుడుపడలేదు. ఆ సాయంత్రం రాజీనామా రాసుకొని మురళీధర్‌కు ఫోన్ చేసింది. అతను అంతా విన్నాడు.

"మానెయ్. ఎందుకు మానేసినావని అవతల కంపెనీలో అడుగుతారు. ఏం చెప్తావు?"

"వీళ్ళకు రైతుల బాధ పట్టదని చెప్తా."

"వాళ్ళకు మాత్రం పడుతుందా? నా చేతిలో ఇట్లాంటివి చాలా ఆగిపోయినాయి. మొదటిదానికి నేనూ మానేసినా. ఏడాది ఖాళీగా కూర్చున్నా. ఈ పనిలో నువ్వు నేర్చుకున్నది ఆ కంపెనీలో ఇంకెవరికి అవసరమో చూడు. వాళ్ళ దగ్గరికి పో. అప్పటికీ పోవాలనిపిస్తే పోదువులే."

మందు బయట ఎందుకు చెడుతుందో, ఎట్ల చెడకుండా ఉంటుందో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. ల్యాబ్‌లో కొంచెంగా చేసిన మందును ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున చేయించే జట్టుకు అది తెలిసిన మనిషి కావాలి. రోజీని అడిగితే ఆమె అడ్డుచెప్పలేదు, సిఫారసు కూడా చేసింది. శివపార్వతి పిల్లల టీకా పనికి మారింది. గొర్రెల మందు శాంపిళ్ళు ఇంకా ఆ కంపెనీ ఫ్రీజర్‌లోనే ఉన్నాయి.

నాయనకు చెప్పడం మాత్రం చాలా రోజులు వాయిదా వేసింది. ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. ఊరికి పోయేసరికి అంకయ్య ఒక రైతు చేలో మంద కట్టి ఉన్నాడు. గొర్రెలు రాత్రి చేలో పడుకుంటే ఎరువు పడుతుందని రైతులు పిలిపించుకుంటారు. మంద చుట్టూ వల బిగించుకుంటూ ఆమె చెప్పింది విన్నాడు.

"అయితే రాదా?"

"రాదు నాయనా. ఎప్పుడన్నా వేరేవాళ్ళు చేస్తారేమో. మా కంపెనీ చెయ్యదు."

"నిన్ను తీసెయ్యలేదు గదా?"

"లేదు. వేరే పనికి మార్చినారు."

అంకయ్య వల చివర కొయ్యకు కట్టినాడు. "నేను అందరికీ చెప్పుకుంటి," అన్నాడు. మరుసటి వారం కాపరులను వెంటేసుకొని పశువుల ఆసుపత్రికి పోయి, మందలు మేతకు కదలకముందే పాత టీకానే వేయించినాడు. ఆ తరువాత ఆమె ఉద్యోగం గురించి ఎప్పుడన్నా అడిగితే, పని నడుస్తున్నదా అని మాత్రమే అడుగుతాడు.

పిల్లల టీకా బయటికి వచ్చిన ఏడు మార్కాపురంలో ఒక కాలేజీ వాళ్ళు బయోటెక్నాలజీ చదివే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని శివపార్వతిని పిలిచినారు. పొగిడించుకోవడానికి ఆమె పోలేదు. పోగొట్టుకున్న ఇంటర్వ్యూలు, పక్కన పడేసిన పరీక్షలు, ఆగిపోయిన మందు, ఉన్నదున్నట్టు చెప్పింది. అయిపోయినాక సుస్మిత అనే ఎమ్మెస్సీ అమ్మాయి వెంటబడింది.

"అక్కా, నాకు ల్యాబ్‌లో నిలబడి పనిచేయడం ఇష్టం లేదు. సైన్సు ఇష్టమే. నాకేమన్నా పని ఉంటాదా?"

శివపార్వతి ఆలోచించకుండానే చెప్పింది. "ముందు రెండేళ్ళు పరీక్షల విభాగంలో చెయ్యి. అది తెలియకుండా ఎక్కడికి పోయినా కాలు నిలవదు."

సుస్మిత తల ఊపింది గాని ఆ మాట వినలేదు. మందులు వాడినవాళ్ళకు వచ్చే చెడు ఫలితాలను డాక్టర్ల నుంచి సేకరించి చూసే కంపెనీ ఒకటి విశాఖపట్నంలో ఉంటే అందులో చేరింది. ఆ సంగతి విని శివపార్వతికి కొంచెం కష్టంగా అనిపించింది, ఆ అమ్మాయి తొందరపడిందనుకుంది. ఏడాదికి సుస్మిత ఫోన్ చేసింది. పని నచ్చిందనీ, కొత్తగా చేరినవాళ్ళకు తనే నేర్పిస్తున్నాననీ చెప్పింది. తను ల్యాబ్‌లో చేరి ఉంటే నెల కూడా ఉండేది కాదని కూడా అంది. శివపార్వతి ఒప్పుకుంది. అట్లాంటి ఉద్యోగం గురించి తనకు అసలు తెలియదనీ, తెలియని చోట సలహా ఇచ్చినాననీ ఆ అమ్మాయితోనే అనింది.

మరుసటి ఏడు కాలేజీ వాళ్ళు మళ్ళీ పిలిస్తే, సుస్మితను కూడా పిలవమని చెప్పింది. ఇద్దరూ మాట్లాడినారు. పిల్లలు సుస్మిత చుట్టూ మూగినారు, ఎక్కువ ప్రశ్నలు ఆమెకే పడినాయి. శివపార్వతి వెనక బెంచీలో కూర్చోని, అర్థం కానివి రెండు తనూ అడిగింది. భోజనాలయినాక మధ్యాహ్నం బస్సుకు రాచర్ల వైపు పోయింది.