బోరం ఎవరిని అడిగింది?

మా కున్సాన్ రేవుపట్నం చేపల బజారులో పీతలు అమ్మే తక్ పిల్దో తన కూతురు బోరంని గోల్ఫ్‌లో ప్రొఫెషనల్‌ని చేస్తానన్నప్పుడు అందరం పగలబడి నవ్వాం. వాడు పట్టించుకోలేదు. పీతల నీళ్లు కారే పాత వ్యాన్‌లోనే పిల్లనీ, గోల్ఫ్ కర్రల సంచినీ వేసుకుని పోటీలన్నిటికీ తిప్పాడు. చివరికి పిల్ల ఆట ఖర్చులకి నెలనెలా చందాలిచ్చే సహాయ సంఘం మా చేత పెట్టించాడు. కొత్త పనికి చేసినట్టే ఉడికించిన పందితల పెట్టి పూజ చేశాం. నవ్వుమొహం ఉన్న తల కావాలని పిల్దో మూడు కొట్లు తిరిగాడు. దాని నోట్లో తలా కొన్ని నోట్లు కుక్కి దండం పెట్టుకున్నాం. బియ్యప్పిండి వంటలు అమ్ముకునే నన్ను అధ్యక్షురాలిని చేశారు. నా నోరు పెద్దదనే తప్ప అందుకు వేరే అర్హతేమీ లేదు.

మూడేళ్ల కిందట, పిల్ల ప్రాక్టీసు చేస్తుంటే బయట వ్యాన్‌లో కూర్చున్న పిల్దో కూర్చున్నట్టే పోయాడు. బోరం ఏడవలేదు. నాకు భయమేసింది అందుకే. హోటల్‌కి వెళితే రెండు గిన్నెల పులుసు చెప్పేది. రెండోది చల్లారేదాకా చూసి లేచేది. బంతి కొట్టగానే వెనక్కి తిరిగి, ఎవరో తలూపేదాకా ఆగినట్టు ఆగి, మళ్లీ కొట్టేది. నేను కుదిర్చిన డ్రైవర్ నాలుగో రోజుకే తాళాలు నా బల్ల మీద పడేశాడు.

“ఆ పిల్ల నాతో మాట్లాడుతోందో, ఇంకెవరితో మాట్లాడుతోందో తెలియట్లేదమ్మా. నాకొద్దు.”

ఇక వ్యాన్ నేనే నడిపాను.

సముద్రపు నాచు అమ్మే కుమ్‌రే సంఘం మీటింగులో లేచింది.

“మనం పిల్లకి పెడుతున్నామా, దెయ్యానికి పెడుతున్నామా? ముందది తేల్చండి.”

“నీ నోట్లో నాచు కుక్కా! పిల్దో నీకు ఊరికే ఎన్ని పీతలిచ్చాడే?”

“అందుకేగా ఇన్నాళ్లూ ఇచ్చాను. ఇంక నావల్ల కాదక్కా.”

కాదనలేకపోయాను. ఈ ఏడాది ప్రొఫెషనల్ పరీక్షే ఆఖరు. నెగ్గి ప్రొఫెషనల్ కార్డు తెచ్చుకుంటే సాయం సాగుతుంది, రాకపోతే బోరం పీతల కొట్లో కూర్చోవాలి. అదీ తీర్మానం. చెప్పడానికి వెళితే బోరం బంతులు తుడుచుకుంటూ వింది.

“సరే పిన్నీ. నాన్నకి చెబుతాను.”



పరీక్ష చివరి రోజు మాలాంటివాళ్లని ఆఖరి గుంట దగ్గర, తాడుకి ఇవతల నిలబడనిచ్చారు. ఈ ఒక్క దెబ్బకి బంతి గుంటలో పడితే కార్డు. బోరం బంతి వెనక గొంతుక్కూర్చుని, నా పక్కనున్న ఖాళీ వైపు చూసి గట్టిగానే అడిగింది.

“నాన్నా, ఎడమవైపా, కుడివైపా?”

కాసేపు ఆగింది. తలూపింది. కొట్టింది. బంతి లోపల పడింది. నేను ఎగిరి గంతేశాను.

అంతలో ఆమెతో ఆడుతున్న అమ్మాయి చెయ్యెత్తింది. తన సంచి మోసే మనిషిని తప్ప ఇంకెవరినీ సలహా అడగకూడదట. అడిగితే రెండు దెబ్బలు కలుపుతారట. కలిపితే కార్డు హుళక్కే. అధికారి తాడు దగ్గరికి వచ్చాడు.

“మీలో ఈమె తండ్రి ఎవరండీ?”

“ఆయన పోయి మూడేళ్లయింది సార్.”

ఆయన మొహం తేలికపడింది. బోరం వైపు తిరిగాడు.

“అయితే ఎవరినీ అడిగినట్టు కాదు. కానీ ఆ మాట నీ నోటితో రావాలమ్మా. అక్కడ ఎవరైనా ఉన్నారా?”

బోరం నా పక్కనున్న ఖాళీ వైపే చూస్తోంది. లేరని చెప్పవే తల్లీ అని లోలోపల మొత్తుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఖాళీ వైపు తల తిప్పే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది. ఉప్పునీటి వాసన గుప్పుమంది. సముద్రం అక్కడికి గంట ప్రయాణం.

బోరం ఆ ఖాళీకి ఎదురుగా గడ్డి మీద మోకరిల్లి, నుదురు నేలకి ఆనించి మొక్కింది. బతికున్న పెద్దలకి ఒక్కసారే మొక్కుతాం. పోయినవాళ్లకి రెండుసార్లు. పిల్దో అంత్యక్రియల్లో పటం ముందు బోరం ఒక్కసారే మొక్కి లేచింది. బంధువులు ఎంత తిట్టినా రెండోసారి వంగలేదు.

ఇప్పుడూ లేచి నిలబడింది. చాలాసేపు అలాగే ఉంది. మళ్లీ వంగింది.

“ఎవరూ లేరు సార్” అని, దెబ్బల లెక్క రాసిన కాగితం మీద సంతకం పెట్టింది.

కార్డు వచ్చింది. వ్యాన్‌లో సగం దారి వచ్చాం. ఉన్నట్టుండి బోరం బావురుమంది. బండి పక్కకి ఆపి దగ్గరికి తీసుకున్నాను.

“పిన్నీ, నాన్న చచ్చిపోయాడు” అంది, ఆ కబురు నాకింకా తెలియనట్టు.